బుల్లెట్టు బేరం

పోయిన దీపావళి సంచికలో ఇదే శీర్షిక కింద మా పెరట్లో గోంగూర మొలిపించిన వైనం రాస్తే నలుగురు ఫోను చేసి విత్తనాలు అడిగారు. ఒకాయన మాత్రం "మీకు వేరే పనేం లేదాండీ?" అని పరామర్శించారు. ఆయన మాట నిజమేనని రుజువు చేయడానికే ఈ సంక్రాంతి సంచికకు ఇంకా పనికిమాలిన పని గురించి రాస్తున్నాను. గోంగూరన్నా పప్పులోకి వచ్చింది. ఇది దేనిలోకీ రాదు.

విషయమేమిటంటే, మొన్న సెప్టెంబరులో నేనొక పాత మోటారు సైకిలు చూడబోయాను. కొనాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి నాకు ఏడు వారాలు పట్టింది. ఇప్పుడున్న ఇల్లు కొనడానికి నాలుగు రోజులు పట్టింది. పెళ్ళిచూపులకు అరగంట పట్టింది, అందులో పది నిమిషాలు ఉప్మాకే పోయాయి.

మా ఆసుపత్రి లాబొరేటరీకి నమూనాలు తెచ్చే పోర్టరు ఒకతను ఉన్నాడు. తమ వీధిలో ఒక పెద్దాయన ఇల్లు అమ్మి కూతురి ఊళ్ళో చిన్న ఫ్లాటుకు మారిపోతున్నాడనీ, షెడ్డు ఖాళీ చేస్తున్నాడనీ, అందులో "మీ ఇండియా బండి" ఒకటి ఉందనీ చెప్పాడు. మన బండి అనగానే అంబాసడర్ కారేమో అనుకున్నాను. తీరా చూస్తే రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు, 350 సీసీ, 1959 నాటిది. అది మన బండి కాదు, రెడ్డిచ్‌లో పుట్టిన బండి.

రెడ్డిచ్ అంటే మనలో చాలామందికి ఎం42 మీద వెళ్తుంటే కనిపించే ఒక బోర్డు, అంతే. పూర్వం అది సూదుల ఊరు. పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచంలో బట్టలు కుట్టిన సూదుల్లో చాలా భాగం అక్కడివే. ఆ సూదుల వ్యాపారంలోంచే సైకిళ్ళు, సైకిళ్ళలోంచి 1901లో మోటారు సైకిలు పుట్టుకొచ్చాయి. 1955లో ఈ కంపెనీవారే మద్రాసు మోటార్స్ వారితో కలిసి తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మొదట్లో ఇక్కడినుంచి విడిభాగాలు ఓడలో వెళితే అక్కడ బిగించేవారు. కొన్నేళ్ళు గడిచేసరికి అన్నీ అక్కడే తయారు కావడం మొదలైంది. 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతపడింది. తిరువొత్తియూరులో మాత్రం పొయ్యి ఆరలేదు. 1977 నుంచి మద్రాసు బుల్లెట్లే ఓడెక్కి ఇంగ్లండుకు రావడం మొదలుపెట్టాయి. పుట్టింటివాళ్ళు చితికిపోతే అత్తవారింటి నుంచి ఆడపడుచు బియ్యం పంపినట్టన్నమాట.

ఇక నా పిచ్చికి కారణం. మా నాన్నగారు రేపల్లె తాలూకాలో పశువుల డాక్టరు. ఆయనకు 1968లో సెకండ్‌హాండుగా కొన్న బుల్లెట్టు ఒకటి ఉండేది. చెరుకుపల్లి వైపునుంచో, నిజాంపట్నం వైపునుంచో ఆయన వస్తుంటే మైలు దూరం నుంచే డుబ్ డుబ్ మని వినిపించేది. ఆ చప్పుడు విని జనం గేదెల్ని చావిట్లోంచి బయటికి తెచ్చి కట్టేసేవాళ్ళు. నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకునేవారు. హెడ్‌లైటుకు రెండు పక్కలా చిన్న దీపాలుండేవి, పులికళ్ళు అనేవాళ్ళం. బండి స్టార్టు చేయడం ఒక పూజ. ముందు కిక్కు నెమ్మదిగా తొక్కుతూ అమ్మీటరు ముల్లు నడిమధ్యకు వచ్చేదాకా చూడాలి. అప్పుడు డీకంప్రెసర్ మీట నొక్కి ఇంకాస్త దింపి, మీట వదిలేసి, కిక్కును మళ్ళీ పైకి రానిచ్చి, ఒక్క తన్ను. తప్పుగా తంతే తిరిగి తన్నేది. నాన్నగారు నెలకొకసారి కుంటుతూ ఇంటికి వచ్చేవారు, "గేదె తన్నింది" అని చెప్పేవారు. ఏ గేదో మాకందరికీ తెలుసు.

1981లో ఆ బండి అమ్మేశారు. నేను బళ్ళోంచి వచ్చేసరికి వసారాలో నూనె మరక మాత్రం ఉంది. ఆ మరక మీద నిలబడి ఏడ్చానని ఇప్పటికీ మా అన్నయ్య వెక్కిరిస్తాడు.

కనుక ఆ పెద్దాయన షెడ్డు తలుపు తీసేసరికి నా పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి. అవే పులికళ్ళు. ట్యాంకు మీద రంగు వెలిసింది, స్పోకులు తుప్పు పట్టాయి, సీటు చిరిగి లోపలి స్పాంజి కనిపిస్తోంది. నాకవేమీ కనిపించలేదు. పెద్దాయన వయసు ఎనభై దాటింది, చేతులు వణుకుతున్నాయి. తను కిక్కు కొట్టలేనని నన్నే కొట్టమన్నాడు. నాకు నాన్నగారి పూజావిధానం జ్ఞాపకముంది కదా, అమ్మీటరు ముల్లు, మీట, తన్ను. ఒక్క తన్నుకు స్టార్టయింది! ఆ షెడ్డులో డుబ్ డుబ్ మంటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 2,800 పౌన్లు అన్నాడు. అప్పటికప్పుడు చెక్కు రాసిచ్చేసేవాణ్ణే. చెక్కుబుక్కు జేబులో పెట్టుకు తిరిగే రోజులు పోవడం వల్ల బతికిపోయాను.

ఇంటికొచ్చి ఆ రాత్రే అమ్మకు ఫోను చేశాను. అమ్మ ఇప్పుడు తెనాలిలో అన్నయ్య దగ్గర ఉంటుంది. ఫోనులో బండి ఫొటో చూపించి, "అమ్మా, చూడు, నాన్న బండి లాంటిదే" అన్నాను. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. పాతరోజులు గుర్తొచ్చి ఏమైనా అంటుందేమోనని ఎదురుచూస్తున్నాను.

"ఒరేయ్, అది మళ్ళీ మన కొంపకెందుకురా? అమ్మిన రోజున నేను దేవుడికి పొంగలి పెట్టుకున్నాను" అంది.

నేను నిర్ఘాంతపోయాను. నాన్నగారు మనసు చంపుకుని అమ్మారనే నలభై ఏళ్ళుగా అనుకుంటున్నాను. అమ్మ చెప్పిన కథ వేరు. నెల జీతంలో ఎంత బండికి పోయేదో ఆవిడకు ఇప్పటికీ లెక్క ఉంది. ఆదివారం వస్తే ఇంజను విప్పి వసారా నిండా పరిచేవారట. నా బారసాలకు తెచ్చిన వెండిగిన్నెలో నట్లు వేసి కిరసనాయిలు పోశారట. దానికి తోడు నడుము నొప్పి. బుక్ చేసిన ఎన్నేళ్ళకో బజాజ్ చేతక్ వచ్చిందని కబురు రాగానే, మర్నాడే బుల్లెట్టు అమ్మేసి, "హమ్మయ్య, పీడ విరగడైంది" అన్నారట. "మీ నాన్న నవ్వుతూనే అప్పజెప్పారురా, ఏడ్చింది నువ్వొక్కడివే" అంది అమ్మ.

చూశారా, నలభై ఏళ్ళు మోసిన బరువు ఫోనులో నాలుగు నిమిషాల్లో దిగిపోయింది. దిగిపోయాకైనా బండి మీద మోజు తగ్గాలి కదా. తగ్గలేదు. అప్పుడు నాకు కొంచెం భయం వేసింది, ఇది నాన్న కోసం కాదు, నా కోసమేనన్నమాట అని.

మన సంఘంలో ఒక మెకానికల్ ఇంజనీరు గారున్నారు. పేరు రాయొద్దన్నారు. రాస్తే వారానికొకరు కారు తీసుకొచ్చి వాకిట్లో పెడతారని ఆయన భయం. బెజవాడ ఆటోనగర్‌లో మేనమామ షెడ్డులో వేసవి సెలవులన్నీ నూనెలో ముంచిన చేతులు ఆయనవి. నా వర్ణన అంతా విని ఒకే ప్రశ్న వేశారు. "మీరు వెళ్ళేసరికి ఇంజను చల్లగా ఉందా, వెచ్చగా ఉందా?"

నేను తెల్లమొహం వేశాను. ముట్టుకుని చూడలేదు.

"ఒక్క తన్నుకు స్టార్టయిందంటే మీరు రాకముందే ఎవరో నాలుగుసార్లు తన్ని ఉంటారు. మీ నాన్నగారు పశువుల డాక్టరన్నారు. సంతలో గేదె సంగతి మీకు తెలియదా?" అన్నారు.

తెలియకేం. సంతకు తెచ్చే ముందు రోజు సాయంత్రం నుంచీ పాలు పిండకుండా ఉంచుతారు. పొదుగు నిండుగా, బిగుతుగా కనిపిస్తుంది. చూసినవాడు ఎనిమిది లీటర్ల గేదె అనుకుంటాడు, ఇంటికి తోలుకొచ్చాక నాలుగే ఇస్తుంది. నాన్నగారు రైతులకు చెప్పే సలహా ఒకటే. సంతలో కొనొద్దు, గేదె ఉన్న ఇంటికెళ్ళి రెండుపూటలా దగ్గరుండి పిండించి చూసి కొనండి అని. పశువుల డాక్టరు కొడుకునై ఉండి పొదుగు చూసి మోసపోయేవాణ్ణి.

రెండోసారి ఇంజనీరు గారితో కలిసి, ముందుగా ఫోను చేసి, దయచేసి ఇంజను ముట్టుకోవద్దని చెప్పి మరీ వెళ్ళాం. అక్కడ ఆయన చేసినవన్నీ రాస్తాను. మీలో ఎవరికైనా ఈ జబ్బు సోకితే పనికొస్తుంది.

ముందు బండి జోలికే వెళ్ళలేదు. కాగితాలు అడిగారు. మన ఊళ్ళో సీ బుక్కు అంటాం, ఇక్కడ వీ5సీ. అందులోని ఛాసిస్ నంబరును ఫ్రేము మీది నంబరుతో అంకె అంకె సరిచూశారు. సరిపోయింది. ఇంజను నంబరు చూశారు. సరిపోలేదు! ఆ మాట అక్కడే ఆపి తక్కినవి చూశారు. బండి వెనక మోకాళ్ళ మీద కూర్చుని వెనక చక్రమూ ముందు చక్రమూ ఒకే గీత మీదున్నాయా అని ఒక కన్ను మూసి చూశారు. ఎప్పుడో పడిన బండికి ఫ్రేము వంకరపోయి ఉంటే అక్కడ తెలుస్తుందట. ముందు చక్రం లేపి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పారు, మధ్యలో ఎక్కడా పట్టలేదు. వెనక చక్రం పట్టుకుని పక్కలకు ఊపితే కాస్త ఆడింది. స్వింగార్మ్ బుష్షులు పోయాయన్నారు. టైర్ల మీద నాలుగంకెలు చూపించారు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వెనక టైరు మీద 1403 అని ఉంది, అంటే 2003లో పద్నాలుగో వారం. అరుగుదల లేదు, పువ్వుల్లాగా ఉన్నాయి గీతలు. "అరగలేదు గానీ ఎండిపోయింది, తడిరోడ్డు మీద సబ్బుబిళ్ళే" అన్నారు. ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూస్తే లోపల తుప్పు. 2021 నుంచి ఇక్కడ మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు కదా, పాత బండ్లలోని రబ్బరు గొట్టాలకూ సీళ్ళకూ అది పడదట. ఐదు శాతం ఉండే ఖరీదైన పెట్రోలే పోయాలి. నా ఖర్చుల పట్టీలో ఒక గీత పెరిగింది.

అప్పుడు స్టార్టు చేయమన్నారు. చల్లటి ఇంజను. నాన్నగారి పూజ మొత్తం చేశాను. పదకొండో తన్నుకు అంటుకుంది. పన్నెండోది నేను తన్నలేదు, అది తన్నింది. మడమ ఇప్పటికీ వాతావరణం మారినప్పుడల్లా చెబుతుంది.

షెడ్డంతా నీలం పొగ. నేను గాభరాపడ్డాను గానీ ఇంజనీరు గారు వాచీ చూస్తూ నిలబడ్డారు. ఈ ఇంజనులో ఆయిలు క్రాంక్‌కేసులోనే ఒక అరలో ఉంటుంది. బండి చాలాకాలం నిలబడి ఉంటే మెల్లగా అడుగుకు జారుతుంది, స్టార్టు చేయగానే అది కాలి పొగ వస్తుంది. "మొదటి రెండు నిమిషాల పొగ జబ్బు కాదు. పదినిమిషాలకు ఇంజను వేడెక్కాక, యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు వచ్చే పొగే జబ్బు" అన్నారు. పదినిమిషాలయింది. ఇచ్చాను. వచ్చింది. రింగులు పోయాయి, బోరు చేయించాలి, పెద్ద సైజు పిస్టను వేయాలి. తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి పిడి చెవికి పెట్టుకుని, మా నాన్నగారు గేదె కడుపుకు స్టెతస్కోపు పెట్టినట్టే, కళ్ళు మూసుకుని విన్నారు. బిగ్ ఎండ్ నుంచి కొట్టుకునే చప్పుడు లేదన్నారు. అది పోయి ఉంటే అక్కడినుంచే లేచి వచ్చేద్దామని ఆయన ముందే అనుకున్నారట.

అన్నీ అయ్యాక పెద్దాయనను ఇంజను నంబరు గురించి అడిగారు. ఆయన ఏమీ దాచలేదు. అసలు ఇంజను 1980ల్లో బద్దలైందట. రెడ్డిచ్‌లో ఫ్యాక్టరీ మూతపడి అప్పటికే ఎన్నో ఏళ్ళు. మద్రాసు ఇంజను ఒకటి దొరికితే అందులో బిగించాడట. ఫ్రేములో బోల్టు రంధ్రాలన్నీ సరిగ్గా కూర్చున్నాయని ఆ ముచ్చట చెబుతుంటే ఆయన మొహం వెలిగింది. కాగితాల్లో ఇంజను మార్పు రాయించడం మాత్రం మరిచిపోయాడు. ముందుగా ఇంజను వేడిచేసిన సంగతీ ఒప్పుకున్నాడు. పక్కింటి కుర్రాడి చేత తన్నించాడట. "ఇంత దూరం వచ్చి స్టార్టు కాకపోతే మీరు చిన్నబుచ్చుకుంటారని" అన్నాడు. ఆయన ముఖం చూస్తే అబద్ధమనిపించలేదు. మన సంతలో గేదెల వాళ్ళు కూడా ఇలాగే అంటారనుకోండి.

తిరుగుదారిలో కారులో లెక్క కట్టాం. బోరు, పిస్టను, రింగులు, బుష్షులు, టైర్లు, స్పోకులు రిమ్ములు, వైరింగు, ట్యాంకు లోపల శుభ్రం చేయించడం, సీటు. చేతిపని మేమే చేసుకుంటే 1,900 పౌన్లు. పెద్దాయన అడిగిన 2,800తో కలిపితే 4,700. నడుస్తున్న స్థితిలో, నంబర్లన్నీ సరిపోయే బండి ఒకటి ఆ వారమే 4,500కు అమ్మకానికి ఉండడం నేను చూశాను. "అయితే అదే కొనుక్కోండి. బాగుచేసుకునే బండి ఎప్పుడూ చవక కాదు. నంబరు కలవనిది రేపు అమ్మబోయినా ధర పలకదు" అన్నారు ఇంజనీరు గారు. నిక్షేపం లాంటి మాట. నాకు మాత్రం ఆ 4,500 బండి మీద మనసు పోలేదు. అందులో నాకు చేయడానికి ఏమీ లేదు.

ఇంకొక హెచ్చరిక కూడా చేశారు, దాన్ని నేను చాలా రోజులు బుర్రలోంచి తోసేస్తూ వచ్చాను. ఈ బండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఇప్పటి బండ్లకు అది తలకిందులు. నేనీ దేశం వచ్చిన కొత్తలో రెండో కారు కొనే స్తోమత లేక, పరీక్ష పాసై, రాత్రి డ్యూటీలకు 125 సీసీ బండి మీద వెళ్ళేవాణ్ణి. లైసెన్సయితే ఉంది గానీ బండెక్కి ఇరవై ఏళ్ళు దాటింది. "ఎదురుగా లారీ వస్తే మీ కాలు పాత అలవాటు ప్రకారం కుడి పక్క తొక్కుతుంది. అక్కడ బ్రేకుండదు, గేరుంటుంది" అన్నారాయన. నలభై ఏళ్ళు దాటిన బండికి ఎం.ఓ.టి. అక్కర్లేదు కదా అని నేను గొప్పగా అంటే, "అక్కర్లేదంటే ఎవరూ చూడరని అర్థం. బ్రేకులు పడతాయని కాదు" అన్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెప్పకుండా ముగిద్దామనే మొదట అనుకున్నాను.

ఇంతవరకూ మా ఆవిడకు ఏమీ చెప్పలేదు. మొదటిసారి రెడ్డిచ్ వెళ్ళింది సంఘం పని మీదనీ, రెండోసారి ఇంజనీరు గారికి ఏదో సామాను మోయడానికనీ చెప్పాను. మా ఆవిడ తమ్ముడు 1996లో ఏలూరు దగ్గర హైవే మీద మోటారు సైకిలు ప్రమాదంలో పోయాడు. ఇరవై రెండేళ్ళు. హెల్మెట్టు లేదు. ఆ ఊళ్ళో ఆ రోజుల్లో ఎవరికీ ఉండేది కాదు. ఆ బండి పోలీసు స్టేషను ఆవరణలో ఏళ్ళ తరబడి తుప్పుపట్టింది. మేము ఊరెళ్ళినప్పుడల్లా ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళం. నేను ఇక్కడ రాత్రి డ్యూటీలకు 125 బండి మీద వెళ్ళిన ఆ రెండేళ్ళూ మా ఆవిడ నన్ను ఏమీ అనలేదు. తాళం చప్పుడు వినిపించేదాకా నిద్రపోలేదని మాత్రం ఆ బండి అమ్మేశాకే నాకు తెలిసింది.

కనుక ఏడు వారాలు పట్టింది పిస్టను గురించి కాదు. పిస్టను సంగతి రెండో వారానికే తేలిపోయింది.

ఆరో వారంలో ఒక సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆవిడే అంది, "ఆ బండి ఎంతకు అడుగుతున్నారు?"

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"అత్తయ్యగారు ఎప్పుడో చెప్పారు. మీరు చెబుతారేమోనని చూస్తున్నాను."

నెల దాటిందన్నమాట. అన్ని రోజులూ నా చొక్కా చేతులకు గ్రీజు మరకలుంటే ఒక్క మాట అడగకుండా ఉతికింది. నేను ధరలూ లెక్కలూ ఎత్తుకున్నాను. బోరు ఎంత, టైర్లు ఎంత అని. ఆవిడ కాసేపు విని, "అవన్నీ సరే. మీరు దాన్ని బాగుచేయడానికి కొంటున్నారా, నడపడానికి కొంటున్నారా?" అని అడిగింది.

ఇంజనీరు గారిని నేను యాభై ప్రశ్నలడిగాను. అమ్మనడిగాను. నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు, నేనూ వేసుకోలేదు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు ఆలోచించి, "బాగుచేయడానికే. కానీ నడపాలనీ ఉంది, లేదంటే అబద్ధమవుతుంది" అన్నాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బాగుచేయడం వరకూ సరే. అది నడిచిన రోజున మళ్ళీ అడగండి. అప్పుడు నేను వద్దంటే వద్దు" అంది. సరేనన్నాను. ఇది పాఠకులందరి సాక్షిగా రాస్తున్నాను. రాయమని చెప్పింది కూడా ఆవిడే.

మూడోసారి ముగ్గురం వెళ్ళాం. ఇంజను నంబరు కలవదు కనుక 1,700 అన్నాను. పెద్దాయన 2,000 అన్నాడు. మా ఆవిడ మధ్యలో కలగజేసుకుని 1,900 అంది. నా తరపున మాట్లాడిందో ఆయన తరపున మాట్లాడిందో ఇప్పటికీ తెలియదు. కాగితం మీద చూస్తే మొత్తం 3,800 అవుతుంది. బాగయ్యాక ఎవరైనా కొంటే 3,500 ఇస్తారేమో, అదీ మంచి రోజున. "300 నష్టం" అని నేను నసుగుతుంటే, "జిమ్ముకు రెండేళ్ళు డబ్బు కట్టి నాలుగుసార్లు వెళ్ళారు, అదెంత?" అంది. ఇంజనీరు గారు పక్కకు తిరిగి నవ్వుకున్నారు.

వ్యాను వచ్చేదాకా ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ముట్టుకోలేదు. ఫ్రేము రెడ్డిచ్‌దనీ ఇంజను మద్రాసుదనీ పెద్దాయన మళ్ళీ ఆ కథ చెబితే విని, నాతో తెలుగులో, "ఒళ్ళు ఇంగ్లండుది, గుండె మద్రాసుది. మన పిల్లలకు తిరగేసి ఉంది" అంది. ఎలా తిరగేసో నేను అడగలేదు. మా అబ్బాయి మాత్రం ఈ మాట విని, "నా రెండూ ఇక్కడివేనమ్మా, పొట్ట ఒక్కటే అక్కడిది" అన్నాడు.

పెద్దాయన తలుపు దగ్గర నిలబడి వ్యాను మలుపు తిరిగేదాకా చూశాడు. షెడ్డు నేల మీద నూనె మరక ఉంది. ఆయన ఏడవలేదు. మా నాన్నగారిలాగే హమ్మయ్య అనుకుని ఉండొచ్చు.

ఇంజను మార్పు కాగితాల్లో రాయించడానికి పంపాను. ప్రస్తుతం బండి మా షెడ్డులో ఉంది. అంటే, దాని భాగాలున్నాయి. ఇంజను బల్ల మీద, చక్రాలు గోడకు, ట్యాంకు ఇంకెక్కడో ఊళ్ళో శుభ్రమవుతోంది. నట్లన్నీ ఐస్‌క్రీం డబ్బాల్లో వేసి, మీద తెలుగులో పేర్లు రాసి పెట్టాను. వెండిగిన్నెల జోలికి వెళ్ళలేదని అమ్మకు ఫొటో తీసి పంపాను. ఆదివారాలు ఇంజనీరు గారు వస్తారు. మా ఆవిడ పెసరట్లు షెడ్డుకే పంపుతుంది, తను గడప దాకా వచ్చి ఆగుతుంది. పోయిన వారం మాత్రం లోపలికి వచ్చి అమ్మీటరు చేతిలోకి తీసుకుని, "ఈ ముల్లేనా మీరు చెప్పింది?" అని అడిగింది.

సిలిండరు బోరింగుకు ఇచ్చాం, పిస్టను దొరకాలి. ఇక్కడ కూడా దొరుకుతుంది గానీ చెన్నైలో ధర సగం కూడా ఉండదు. ఫిబ్రవరిలో చెన్నై మీదుగా తిరిగి వచ్చే సభ్యులెవరైనా ఉంటే దయచేసి నాకు ఒక ఫోను చేయండి. బరువు ఒక ఆవకాయ సీసా కంటే తక్కువే, పైగా కారదు. పాత 350 బుల్లెట్టుకు పిస్టను, రింగులు, పిన్ను, 40 సైజు అని అడిగితే షాపువాడికి తెలుస్తుంది. 30 తెస్తే మాత్రం పనికిరాదు.